తిరుపతి స్కూల్ ఫ్రెండ్స్ బ్యాండ్: ఐదు సొంత పాటలు విడుదల చేసేముందు ఏమేం చూసుకోవాలి?

చంద్రగిరి_గిటార్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. తిరుపతిలో ఒకే స్కూల్లో చదివిన నలుగురి ఇండీ పాప్ బ్యాండ్ మాది. గిటారు, బేస్, కీబోర్డు, డ్రమ్స్. గిటారు, కీబోర్డు వాళ్లే పాడతారు. ముగ్గురికి 18 నిండాయి, డ్రమ్మర్‌కి ఇంకా 17. సొంత తెలుగు పాటలు ఐదు తయారుగా ఉన్నాయి. రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక డైనమిక్ మైకు, ఒక ల్యాప్‌టాప్ ఉన్నాయి. డబ్బు కొంచెమే ఉంది.

ఐదు పాటలూ ఇంట్లోనే రికార్డు చేయాలా, చెన్నై స్టూడియోకి వెళ్లాలా? ఒక చిన్న లేబుల్ వాళ్లు "మేమే విడుదల చేస్తాం, సర్వహక్కులూ మాకు రాయండి" అంటున్నారు, రాయొచ్చా? వచ్చే ఏడాది బేస్ వాయించేవాడు చదువుకోసం బెంగళూరు పోతాడు, అప్పుడు బ్యాండ్ లెక్కలు ఎలా? తిరుపతిలో సొంత పాటలతో షో చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పలమనేరు_హక్కులు

తమ్ముడూ, రికార్డింగు ఎక్కడ అన్నది తర్వాత. ముందు మీ నలుగురి మధ్య కాగితం. స్కూల్ స్నేహితుల బ్యాండ్లు వాయించడం రాక విడిపోయేది తక్కువ. ఏ పాట ఎవరిదో రాసుకోక, నాలుగు డబ్బులు వచ్చిన రోజున విడిపోయేవే ఎక్కువ.

ఇంగ్లండులో జరిగిన రెండు కేసులు మీ నలుగురూ తెలుసుకోవాలి. ది స్మిత్స్ అనే నలుగురి బ్యాండ్‌లో వాటాల ఒప్పందం రాతలో లేదు. డ్రమ్మర్ మైక్ జాయిస్ కోర్టుకెళ్తే 1996లో ఆయన పక్షాన తీర్పొచ్చింది. సమాన వాటా కాదని రుజువు చేసే ఒప్పందమేదీ లేదు కాబట్టి రికార్డింగులు, ప్రదర్శనల లాభంలో నాలుగోవంతు ఆయనదే అన్నారు. పాటల రచన మీద వచ్చే రాయల్టీ మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. రెండోది స్పాండౌ బాలే, లండన్ ఇస్లింగ్టన్‌లో స్కూలు స్నేహితులు పెట్టుకున్న బ్యాండ్. పాటలన్నీ గిటారిస్టు గ్యారీ కెంప్ పేరు మీదే ఉన్నాయి. గాయకుడు, డ్రమ్మర్, సాక్సోఫోన్ వాయించినాయన కలిసి రచనలో వాటా కోసం వేసిన దావా 1999లో ఓడిపోయింది. తమ వాయిద్యం భాగాలు తామే అల్లుకున్నామని చెప్పినా, అంతమాత్రాన పాటకు సహరచయితలు కారని న్యాయమూర్తి తేల్చారు. ఆ బ్యాండ్‌లోని ఐదుగురూ మళ్లీ కలిసి వేదిక ఎక్కింది 2009లో.

మన దగ్గరా దారి ఇదే. 1932 నాటి భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాల్లో భాగస్వాములందరికీ సమాన వాటా. కానీ పాట మీద హక్కు కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది. అక్కడ సాహిత్యం రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లే హక్కుదారులు. బాణీ స్వరాల్లో రాసి ఉండాల్సిన పని కూడా లేదు. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. రికార్డింగు మీద హక్కు మళ్లీ వేరు. అది దాన్ని తయారు చేయించిన నిర్మాతది, ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్లు. కాబట్టి పాట రచన, రికార్డింగు, షో డబ్బు ఈ మూడూ విడివిడిగా రాసుకోండి. మూడింటినీ కలిపి "అందరికీ తలా పాతిక" అని ఒక్క ముక్కలో రాస్తే ఏ పాతిక దేనికన్నది మళ్లీ తగాదా.

ఒక్కో పాటకు ఒక్కో పేజీ చాలు. పాట పేరు, పూర్తయిన తేదీ, పాన్ కార్డులో ఉన్నట్టే పూర్తి పేర్లు, సాహిత్యంలో ఎవరికెంత శాతం, బాణీలో ఎంత, రికార్డింగులో ఎంత, ఖర్చు ఎవరు పెట్టారు, సంతకాలు. ప్రతి వరసా కూడితే సరిగ్గా 100 రావాలి. 33, 33, 33 రాసి ఒక్క శాతం వదిలేస్తే, రాయల్టీ సంస్థలో నమోదు చేసేటప్పుడు ఆ పాట దగ్గరే ఆగుతుంది. పాట పుట్టినప్పటి ఫోన్ రికార్డింగులు తేదీతో సహా దాచండి.

డ్రమ్మర్ విషయంలో జాగ్రత్త. 18 నిండనివాళ్లు చేసిన ఒప్పందం మన చట్టంలో చెల్లదు. ఇప్పుడు అమ్మో నాన్నో సంరక్షకులుగా సంతకం చేయాలి. 18 నిండాక పాత కాగితం కింద "ఒప్పుకుంటున్నాను" అని రాయించినా కుదరదు, కొత్తగా ఒప్పందం రాసుకోవాలి. పుట్టినరోజు దగ్గర్లో ఉంటే లేబుల్ సంతకాలు అప్పటిదాకా ఆపండి.

లేబుల్ సంగతి. ఏ పాటలు, ఎన్నేళ్లు, ఏయే దేశాలు, ఎంత రాయల్టీ అన్నవి లేని కాగితం మీద సంతకం వద్దు. కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లుగా తీసుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. వాళ్లిచ్చే కాగితంలో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఉంటే ఆ రక్షణ మీకు వర్తించదు. 2012 సవరణ తర్వాత సాహిత్యం, సంగీతం రాసినవాళ్ల సమాన రాయల్టీ హక్కును వదులుకుంటున్నామని రాయించుకున్నా చెల్లదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో (రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) తప్ప ఇంకెవరికీ దాన్ని ఇవ్వడానికి వీల్లేదు. నా సలహా: రికార్డింగుకు రెండు మూడేళ్ల లైసెన్సు ఇవ్వండి, హక్కు బదిలీ చేయొద్దు. రాబోయే పాటలన్నీ కూడా వాళ్లకే అన్న షరతు కనిపిస్తే అక్కడే ఆపండి.

గాజులమండ్యం_సౌండ్

రికార్డింగు గురించి నేను చెప్తా. ఐదు పాటలకూ డ్రమ్స్ మాత్రం ఒక్కరోజు స్టూడియోలో కొట్టించండి, మిగతాది ఇంట్లో. రెండు ఇన్‌పుట్లతో డ్రమ్స్ తీస్తే తర్వాత కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), స్నేర్ (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్ము) విడిగా సరిచేసే దారి ఉండదు. కిక్‌కి ఒకటి, స్నేర్‌కి ఒకటి, పైన రెండు ఓవర్‌హెడ్‌లు, కనీసం నాలుగు మైకులు కావాలి. రెండు ఓవర్‌హెడ్‌లూ స్నేర్ మధ్యభాగానికి సమాన దూరంలో ఉండాలి, దారం పెట్టి కొలవండి. ఒకటి దగ్గర, ఒకటి దూరం అయితే స్నేర్ శబ్దం రెంటికీ వేర్వేరు క్షణాల్లో చేరుతుంది, కలిపి వింటే పలచగా డొల్లగా వినిపిస్తుంది. మిక్సింగులో ఈక్యూ ఎంత తిప్పినా అది పోదు.

స్టూడియో గంటలు వృథా కాకూడదంటే ముందు ఇంట్లో ప్రతి పాటకూ క్లిక్ (వేగం చూపే టిక్‌టిక్ శబ్దం) పెట్టి, గిటారు, గాత్రం గైడ్ ట్రాక్ (దారి చూపే కచ్చా రికార్డింగు) తీయండి. టెంపో అంకె పాట పేరులోనే రాయండి. డ్రమ్మర్ ఆ క్లిక్‌తో వారం పది రోజులు సాధన చేయాలి. స్కూల్ బ్యాండ్లలో డ్రమ్మర్లు చాలామంది కోరస్ రాగానే వేగం పెంచుతారు. స్టేజి మీద అది ఊపు, రికార్డింగులో మాత్రం మిగతా ముగ్గురి పని పాడుచేస్తుంది.

ఇక శాంపిల్ రేటు, అంటే ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి రాస్తారన్నది. స్టూడియో వాళ్లు 48 కిలోహెర్ట్జ్‌లో తీసి, మీ ఇంటి సెషన్ 44.1లో ఉండి, సాఫ్ట్‌వేర్ మార్చకుండా అలాగే లాక్కుంటే, పాట నెమ్మదై శ్రుతి దాదాపు ఒకటిన్నర అర్ధస్వరం దిగుతుంది. మొదటిరోజే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అని నలుగురూ ఒక మాట మీద ఉండండి. వీడియోకీ అదే పనికొస్తుంది. స్టూడియో నుంచి ఫైళ్లన్నీ పాట సున్నా సెకను నుంచి మొదలయ్యేలా అడగండి. లేకపోతే ఏ ముక్క ఎక్కడ అతకాలో మీరు వెతుక్కోవాలి.

గాత్రం ఇంట్లో బాగానే వస్తుంది. మన ఇళ్లల్లో సిమెంటు గోడలు, టైల్స్ నేల, స్లాబు, అంతా ప్రతిధ్వనే. గోడకు గుడ్ల ట్రేలు, పలచటి ఫోమ్ అతికిస్తే పై శబ్దం మాత్రమే తగ్గి గొంతు బొంగురుగా మిగులుతుంది. కింది శబ్దాన్ని ఆపడానికి మందం కావాలి. 4 అడుగులు × 2 అడుగుల చెక్క ఫ్రేముల్లో 100 మిల్లీమీటర్ల రాక్‌వూల్ పెట్టి, గాలి పోయే నూలుగుడ్డ చుట్టండి. పాడేవాళ్ల వెనక రెండు, పక్కలా రెండు పెడితే చాలు. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, గ్లోవ్స్ తప్పనిసరి, దాని పీచు చర్మానికి, ఊపిరికి మంచిది కాదు.

మీ దగ్గరున్న డైనమిక్ మైకే మంచిది. కండెన్సర్ (చిన్న శబ్దాలు కూడా పట్టే మైకు) కొంటే ఫ్యాను, వీధిలో హారన్లు, దూరంగా పోయే రైలు కూడా పాటలోకి వస్తాయి. నోటికి 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్, మైకు కాస్త పక్కకు తిప్పి. ప, బ, భ అక్షరాల గాలి నేరుగా తగలదు. స, ష, చ ఎక్కువగా గుచ్చుకుంటే మిక్సులో 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య డీఎస్సర్ (ఆ గుచ్చుకునే శబ్దాన్ని తగ్గించే టూల్) పెట్టండి, కానీ కొంచెమే. ఎక్కువైతే "శ", "స" రెండూ ఒకటైపోయి సాహిత్యం చెడుతుంది. రికార్డింగు లెవెల్ సగటున మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర, గట్టిగా పాడినచోట మైనస్ 8 దాటకుండా. 24 బిట్‌లో తక్కువ లెవెల్‌తో నష్టం లేదు. సున్నా తాకి పగిలిన గొంతును మాత్రం బాగుచేయలేం.

గిటారులో గుయ్యిమని 50 హెర్ట్జ్ హమ్ వస్తే ముందు ఇంటి ఎర్తింగు చూడండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయడం, దాని మీద టేపు చుట్టడం ఎప్పుడూ చేయొద్దు. హమ్ పోతుంది కానీ తీగలు పట్టుకుని మైకుకు పెదవి తగిలినప్పుడు షాకు కొడుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి బ్యాటరీ మీద ఒకసారి వినండి. హమ్ ఆగితే దోషం ఛార్జరుది. ఆగకపోతే గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ వైరులో గ్రౌండ్ కలపను తెంచే స్విచ్) ఉన్న డీఐ బాక్సు (వాయిద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కి, ఇంటర్‌ఫేస్‌కి తగ్గట్టు మార్చే పెట్టె) పెట్టండి.

వేసవిలో మన ఊరి ఎండకు గిటారును కారులోనో, డాబా పైగదిలోనో వదిలేయొద్దు. మెడ వంగి తీగలు ఎత్తుకుంటాయి. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చాక శ్రుతి నిలబడటానికి కొంతసేపు పడుతుంది. ప్రతి టేకుకూ ముందు ట్యూనర్ చూడండి.

చంద్రగిరి_గిటార్

ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. డ్రమ్స్ స్టూడియోలోనే కొట్టిస్తాం. వాటాల్లో ఒక చిక్కుంది. సాహిత్యం, బాణీ నావి. కానీ రెండు పాటల్లో కీబోర్డు అమ్మాయి కట్టిన మొదటి స్వరపంక్తి వల్లే పాటకు గుర్తింపు. అది బాణీ కిందికి వస్తుందా, వాయించడం కిందికి వస్తుందా?

కరకంబాడి_కీస్

నా అభిప్రాయం పలమనేరు అన్న చెప్పినదానికి కొంచెం వేరు. ఎవరు ఏం చేశారో గ్రాములెక్కన తూచడం మొదలైతే రిహార్సల్‌లో ఎవరూ మంచి ఆలోచన ఊరికే ఇవ్వరు. ఇంకొకరి పాటకు మెరుగు చెప్పడం కంటే సొంత పాట ముందుకు తోసుకోవడమే లాభం అనిపిస్తుంది. డబ్లిన్‌లో మౌంట్ టెంపుల్ స్కూల్లో 1976లో మొదలైన యూ2 వాళ్లు సంగీతం క్రెడిట్ బ్యాండ్ మొత్తానికీ ఇచ్చుకున్నారు, ఆ నలుగురే ఇప్పటికీ ఉన్నారు. మీకు కూడా బాణీ సమానంగా, సాహిత్యం రాసినవాళ్లకే అన్న పద్ధతి సరిపోతుందని నా నమ్మకం.

పలమనేరు_హక్కులు

కీస్ చెప్పిన పద్ధతికి నేను అడ్డం కాదు. సమానం అయినా సరే, అది కాగితం మీద ఉండాలన్నదే నా పట్టు.

చంద్రగిరీ, మీ ప్రశ్నకు ఇలా చూడు. ఆ కీబోర్డు పంక్తిని తీసేసి, గిటారు ఒక్కటి పెట్టి పాడితే అదే పాటగా నిలబడుతుందా? నిలబడితే అది అరేంజ్‌మెంట్, అంటే పాటకు వాయిద్యాల అలంకరణ. పంక్తి లేకపోతే పాటే కాదు, వినేవాళ్లు కూనిరాగం తీసేది అదే అనుకుంటే అది బాణీలో భాగం, ఆమెకు వాటా రాయాల్సిందే. చట్టంలో ఉమ్మడి రచన అంటే ఇద్దరి పనీ విడదీయలేనంతగా కలిసిపోయి ఉండాలి. సందేహం ఉన్నచోట ఆమె వైపే మొగ్గు చూపమంటాను.

బెంగళూరు పోయే బేస్ వాడి కోసం కొన్ని షరతులు ఇప్పుడే రాయండి. తాను ఉన్నప్పుడు తీసిన రికార్డింగుల్లో అతని వాటా ఎప్పటికీ అతనిదే. వెళ్లాక జరిగే షోల్లో వాయిస్తేనే వాటా. బ్యాండ్ డబ్బుతో కొన్న సామానుకు అతను వెళ్లేనాటి ధర కట్టి అతని వంతు ఇచ్చేయాలి. పేరు మిగిలినవాళ్ల దగ్గర ఉంటుంది, ఎంతమంది మిగిలితే బ్యాండ్ ఉన్నట్టో కూడా తేల్చాలి. వెళ్లే మనిషి మూడు నెలల ముందు చెప్పాలి, ఒప్పుకున్న షోలు పూర్తిచేయాలి. దూరం ఉన్నంతమాత్రాన బయటికి పంపనక్కర్లేదు. బేస్ లైను డీఐలో తీసి పంపడం ఈ రోజుల్లో పెద్ద పని కాదు.

పేరు పెట్టేముందు స్పాటిఫై, యూట్యూబ్, ట్రేడ్‌మార్క్ వెబ్‌సైటు మూడింటిలో వెతకండి. ట్రేడ్‌మార్క్ నమోదులో వినోద కార్యక్రమాలకు 41వ క్లాసు (విభాగం), రికార్డింగులకు 9వ క్లాసు. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే క్లాసుకు 4,500 రూపాయలు, నమోదైతే పదేళ్లు. ఇది మొదటి రోజే అక్కర్లేదు. షోలు క్రమంగా దొరకడం మొదలయ్యాక చేయండి.

తిలక్‌రోడ్_రిలీజ్

విడుదల సంగతి. ఐదూ ఒకేరోజు పెట్టొద్దు. మూడు సింగిల్స్‌గా, ఒక్కోదానికీ ఐదారు వారాల ఎడంతో పెట్టి, చివర ఐదు పాటల ఈపీ (ఆల్బమ్ కంటే చిన్న సంకలనం). కారణం ఏంటంటే స్పాటిఫైలో ప్లేలిస్టులు కూర్చే ఎడిటర్లకు పంపడానికి విడుదల కాని పాట ఒక్కసారికి ఒక్కటే పంపనిస్తారు. విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు పంపితే మీ ఫాలోయర్ల రిలీజ్ రాడార్ (కొత్త పాటల ప్లేలిస్టు) లోకి కూడా అదే పాట వెళ్తుంది. డిస్ట్రిబ్యూటర్‌కి (పాటలను స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే సంస్థ) నాలుగు వారాల ముందే ఫైళ్లు ఇవ్వండి. కవర్ బొమ్మ 3000 × 3000 పిక్సెళ్లు, మీరే గీయించింది. ఇంటర్నెట్‌లో దొరికిన గోపురం ఫోటో వద్దు.

ప్రతి రికార్డింగుకూ ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల కోడ్ వస్తుంది. సింగిల్‌గా వచ్చిన పాటను ఈపీలో పెట్టేటప్పుడు అదే కోడ్, అదే ఆడియో ఫైలు ఇవ్వండి. కొత్త కోడ్ పడితే వినికిళ్ల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. డిస్ట్రిబ్యూటర్ మారినా ఇదే. కోడ్‌లన్నీ మీ దగ్గర ఒక షీట్‌లో ఉంచుకోండి. ఏటా ఫీజు కట్టించుకునే డిస్ట్రిబ్యూటర్ అయితే, ఒక ఏడాది కట్టకపోతే పాటలు దిగిపోతాయేమో షరతుల్లో చదవండి. ఫోర్త్ ఇయర్ పరీక్షల మధ్యలో ఎవరూ గుర్తుపెట్టుకోరు. పాటకు ఒకసారి కట్టే పద్ధతి కొత్త బ్యాండ్‌కి నయం.

డబ్బు మీద ఆశ ఎంత పెట్టుకోవాలో తెలియాలి. 2024 నుంచి స్పాటిఫైలో గత 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు రాని పాటకు రికార్డింగు రాయల్టీ లెక్కలోకి రాదు. 30 సెకన్లు దాటితేనే ఒక స్ట్రీము, అందుకే అర నిమిషం సాగే ఇంట్రో ఉంటే తగ్గించండి. డబ్బులిస్తే స్ట్రీములు కొనిపెడతామనేవాళ్ల జోలికి పోవద్దు. పట్టుకుంటే పాట తీసేస్తారు, డిస్ట్రిబ్యూటర్ మీకే జరిమానా వేయొచ్చు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికి మామూలు దారిలో 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. అమెరికా పన్ను ఫారంలో పాన్ నెంబరు ఇచ్చి భారత ఒప్పందం ఎంచుకుంటే అక్కడి రాయల్టీ మీద 15 శాతమే కోస్తారు. ఫారం నింపకపోతే ఇంకా ఎక్కువ.

లూప్ ప్యాకుల (అందరూ వాడుకునే తయారు సంగీత ముక్కలు) నుంచి తీసిన ముక్కలు పాటలో ఉంటే ఆ పాటను కంటెంట్ ఐడీలో (ఇతరుల వీడియోల్లో మీ పాటను పట్టే యూట్యూబ్ వ్యవస్థ) పెట్టొద్దు. అదే లూపు వాడిన ఇంకొకరి వీడియో మీద మీ పేరుతో క్లెయిము పడుతుంది, వాళ్లది మీ మీద పడుతుంది. సాహిత్యం, బాణీ రాసినవాళ్లు రచన రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ అనే సొసైటీలో సభ్యులు కావాలి. డిస్ట్రిబ్యూటర్ పంపేది రికార్డింగు డబ్బు, రచన రాయల్టీ దాంట్లో ఉండదు. ఈ రెండోది వదిలేసుకునే బ్యాండ్లు చాలా ఉన్నాయి, అది బాధాకరం.

బైరాగిపట్టెడ_స్టేజ్

షోల మాట నేను చెప్తానప్పా. మహతి ఆడిటోరియం టీటీడీది, ఆడ సంప్రదాయ సంగీతం, భక్తి కార్యక్రమాలే ఎక్కువ. పాప్ బ్యాండ్‌కి మన ఊర్లో దారి కాలేజీలే. ఎస్వీయూ, ఏర్పేడు పక్క ఐఐటీ, ఐజర్, చుట్టూ ఉండే ఇంజినీరింగ్ కాలేజీల ఫెస్టులు. బ్రహ్మోత్సవాలు, మే నెలలో గంగమ్మ జాతర రోజుల్లో షో పెట్టుకోవద్దు. పోలీసోళ్లు బందోబస్తులో ఉంటారు, రోడ్లు కదలవు, జనం మనసు కూడా ఆడే ఉంటాది.

మైకు పర్మిషన్ ఆ ఏరియా స్టేషన్లో ముందుగానే పెట్టుకోవాల. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకరు నిషేధం. ఆస్పత్రి, స్కూలు, కోర్టుకి 100 మీటర్ల లోపల సైలెన్స్ జోన్. ఫెస్టులో మీకు 9 గంటలకి టైమిస్తే నిజానికి 9:40కి ఎక్కుతారు, 10కి ఆపమంటారు. కాబట్టి ఐదు పాటల్లో గట్టి పాటలు రెండు మొదట్లోనే వాయించేయండి.

సౌండ్ ఆయనకి ఇన్‌పుట్ లిస్టు ముందురోజే వాట్సాప్‌లో పంపండి: కిక్, స్నేర్, ఓవర్‌హెడ్ రెండు, బేస్ డీఐ, గిటారు ఆంప్ మైకు, కీబోర్డు డీఐ రెండు, గాత్రం రెండు, మొత్తం 10 ఛానెళ్లు. మానిటర్లు (స్టేజి మీద మీకు వినిపించే స్పీకర్లు) మూడు, ఒకటి డ్రమ్మర్‌కి. ఈడ చాలాచోట్ల డీఐ బాక్సులు ఉండవు, మీవి మీరే తీసుకుపోండి. కీబోర్డు నుంచి మామూలు జాకు వైరు 20 మీటర్లు లాగితే రేడియో, హమ్ అన్నీ పట్టుకుంటాది. లైట్లు, సౌండు ఒకే ఫేజు మీద పెట్టనీయొద్దు, డిమ్మర్ తిప్పినప్పుడల్లా స్పీకర్లో బర్రుమంటాది. జనరేటరుంటే ఎర్త్ కడ్డీ పాతినారా లేదా కళ్లతో చూసి, టెస్టర్ పెట్టినాకే గిటారు తగిలించండి.

అడ్వాన్సు సగం తీసుకోండి, మిగతాది స్టేజి ఎక్కేముందు. డబ్బు ప్రయాణం ఖర్చుతో కలిపా, విడిగానా అని మెసేజులో రాయించుకోండి. చెన్నై సుమారు 140 కిలోమీటర్లు, బెంగళూరు 250. డ్రమ్ కిట్టు ఎత్తుకుపోవద్దు. స్నేరు, పెడలు, సింబల్సు చాలు, మిగతాది ఆడ అడిగితే ఇస్తారు.

చంద్రగిరి_గిటార్

ఫెస్టులో సినిమా పాటలు కూడా అడుగుతారు కదన్నా. అవి వాయించి, ఆ వీడియో మా ఛానెల్లో పెట్టొచ్చా?

తిలక్‌రోడ్_రిలీజ్

స్టేజి మీద వాయించడానికి లైసెన్సు తీసుకోవాల్సింది నిర్వాహకులు. ఫీజు మాట్లాడేటప్పుడే ఆ సంగతి వాళ్లకు గుర్తుచేయండి. వీడియో పెడితే సాధారణంగా మ్యూజిక్ కంపెనీ క్లెయిము వేస్తుంది, ప్రకటనల డబ్బు వాళ్లకు పోతుంది. కొన్నిసార్లు వీడియోనే తీసేస్తారు. కవర్‌ను (ఇంకొకరి పాటను మీరు వాయించింది) ఆడియోగా డిస్ట్రిబ్యూటర్ ద్వారా విడుదల చేయడం వేరే వ్యవహారం. మన చట్టంలో అసలు రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు గడవాలి, ముందుగా నోటీసు, రాయల్టీ కట్టాలి, కనీసం 50 వేల కాపీల లెక్క అడ్వాన్సుగా. మీ స్థాయికి అది బరువు. కవర్లు రెండు స్టేజి మీదే ఉంచండి, ఛానెల్లో ఆ రోజు వాయించిన సొంత పాటలు పెట్టండి. సౌండ్ ఆయన్ని మిక్సర్ నుంచి రెండు ఛానెళ్ల రికార్డింగు అడిగి, జనం చప్పుడు కోసం ఫోను ఒకటి మిక్సర్ దగ్గర పెట్టండి. రెంటినీ సరిపోల్చడానికి షో మొదట్లో డ్రమ్మర్ కర్రలు నాలుగుసార్లు కొట్టాలి.